గాల్లో మెట్లు సరే, గోడ మాటేంటి?

ప్రశ్న: అన్నయ్యగారూ నమస్కారం. మాది విజయనగరం. ఊరి చివర కొత్త లేఅవుట్‌లో డూప్లెక్స్ కట్టుకుంటున్నాం. మావారు ఆర్మీలో ఉన్నారు, అందుకే పనంతా నేనే చూసుకుంటున్నాను. కింది శ్లాబు పడింది, గోడలు లేచాయి, ప్లాస్టరింగ్ ఇంకా మొదలెట్టలేదు. హాల్లో దక్షిణం గోడకి, అంటే బయటి గోడకే, ఫ్లోటింగ్ మెట్లు (ఒక పక్క గోడకే ఆని, రెండో పక్క గాల్లో ఉండేవి) పెట్టుకోవాలని మా ఇద్దరి కోరిక. గోడ 20 అడుగుల పొడవు, ఫ్లై యాష్ ఇటుకతో 9 అంగుళాల మందం. మెట్ల కోసం శ్లాబులో ఆ గోడ పక్కనే 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఖాళీ వదిలాం. కింది ఫ్లోరు నుంచి పై ఫ్లోరుకి పదిన్నర అడుగులు. మేస్త్రిగారేమో "ఏటవదమ్మా, గోడలో ఆరంగుళాలు బెజ్జం కొట్టి, మెట్టుకి రెండేసి 10 ఎంఎం రాడ్లు దించి కాంక్రీటు పోసేస్తాను" అంటున్నారు. వెల్డింగ్ షాపాయన అలా వద్దు, మొత్తం ఇనుముతో చేస్తాను, కేజీ లెక్కన ఇవ్వండి అంటున్నాడు. ఎవరి మాట వినాలి? పైన టేకు వేయాలా, గ్రానైటా? ఫోటోల్లో రెయిలింగ్ లేకుండా భలే ఉంది, కానీ మాకు నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మావయ్యగారు ఉన్నారు. రెయిలింగ్ తప్పదా? మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని అత్తయ్యగారి పట్టు. అది కుదురుతుందా?
— ఒక టీచరు, విజయనగరం

సమాధానం:

చెల్లెమ్మా, ప్లాస్టరింగ్ మొదలెట్టకముందే అడిగారు, అదే సగం పని. ఈ మెట్ల గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది పుట్టీ, పెయింటు కూడా అయిపోయాక "ఇప్పుడు ఆ గోడకి మెట్లు బిగించేద్దామా" అని అడుగుతారు, అప్పటికి చేయడానికి ఏమీ మిగలదు. మీకు ఇంకా అన్నీ చేతిలోనే ఉన్నాయి.

మేస్త్రిగారు చెప్పిన పద్ధతి మాత్రం వద్దు. ఆరంగుళాల బదులు ఎనిమిది దించుదాం, 10 ఎంఎం బదులు 12 వేద్దాం అని ఆయన రాజీకొచ్చినా వద్దు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, రేపు ఆయనకి నచ్చజెప్పాల్సింది మీరే కదా.

మీరు ఏటా పైడితల్లమ్మ సిరిమాను చూస్తారు. అంత పొడవు మాను చివర పూజారిగారు కూర్చుని ఉంటే అందరి కళ్లూ ఆ కొస మీదే ఉంటాయి, కానీ కొసని పైన నిలబెట్టేది కింద బండి దగ్గర బిగించిన కట్టు. ఫ్లోటింగ్ మెట్టు లెక్క కూడా అంతే. ఫోటోలో కనిపించేది మెట్టు, మనం డబ్బు పెట్టాల్సింది గోడ లోపల కనిపించని కట్టుకి. మెట్టు ఎంత గట్టిగా చేయించినా లోపల పట్టు లేకపోతే లాభం లేదు.

అంకెల్లో చూద్దాం. ఇలా ఒక్కో మెట్టు విడిగా గోడలోంచి బయటికొచ్చే మెట్లకి, ఒక్కో మెట్టు కొసన కనీసం 130 కిలోల బరువు నిలిచినా తట్టుకునేలా డిజైన్ చేయాలని మన దేశపు ఐఎస్ 875 కోడ్ చెప్తుంది. మెట్టు మీటరు పొడవనుకోండి. ఆ 130 కిలోలు కొసన పడితే, గోడలో ఆరంగుళాలే దిగిన రాడ్లు లోపలి చివర పైకి ఎత్తుతాయి, గోడ అంచు దగ్గర కిందికి నొక్కుతాయి. ఈ ఎత్తుడుకీ నొక్కుడుకీ మధ్య దూరం నాలుగు అంగుళాలకి మించదు. 39 అంగుళాల దూరంలో ఉన్న 130 కిలోలని నాలుగు అంగుళాల దూరంతో ఆపాలంటే లోపల పన్నెండు వందల కిలోల పైనే బలం పడుతుంది. ఒక్క మెట్టు దగ్గర! అది కూడా ఒకటి రెండు ఇటుకల మీద, వాటి మధ్య ఉన్న సిమెంటు మసాలా మీద. మొదటి రోజే ఊడిపోతుందని నేను అనడం లేదు, ఊడకపోవచ్చు కూడా. రోజూ ఎక్కి దిగుతుంటే బెజ్జం చుట్టూ మసాలా నలిగి పొడవుతుంది, మెట్టు కాస్త కాస్త ఆడడం మొదలవుతుంది, ఏడాదికో రెండేళ్లకో గోడ మీద మెట్ల వరసన బీటలు కనిపిస్తాయి. అప్పుడు దాన్ని బాగుచేసే దారి లేదు, పీకేయడమే.

మేస్త్రిగారు తప్పకుండా ఒక మాట అడుగుతారు: "మరి సన్‌షేడ్ నిలబడలేదా?" మంచి ప్రశ్నే. సన్‌షేడ్‌ని లింటెల్‌తో, అంటే కిటికీ మీద అడ్డంగా వేసే బీమ్‌తో, కలిపి ఒకేసారి పోస్తారు, దాని కడ్డీలు లింటెల్ లోపలికి వంగి వెళ్తాయి, పైన గోడ బరువు కూర్చుంటుంది, పైగా దాని మీద ఎవరూ రోజుకి ఇరవైసార్లు నడవరు. ఇక్కడ ఆ నాలుగింటిలో ఒక్కటీ లేదు. మీది పిల్లర్లూ బీమ్‌లూ ఉన్న ఇల్లనే అనుకుంటున్నాను, అంటే ఆ 9 అంగుళాల గోడ పిల్లర్ల మధ్య ఖాళీ నింపడానికి పేర్చింది. ఇంటి బరువుని మోయమని దానికి ఎవరూ చెప్పలేదు, అది మోయనూ మోయదు.

సన్‌షేడ్ సంగతొచ్చింది కాబట్టి ఇంకొకటి. గాల్లోకి వచ్చే కాంక్రీటులో ప్రధాన కడ్డీ పైభాగాన ఉండాలి. శ్లాబులో కడ్డీ కింద వేసే అలవాటు చేతిలో ఉండిపోయి ఇక్కడా కిందే వేసేస్తారు, లేదా పైనే కట్టినా పోసేటప్పుడు దాని మీద కాలేసి తొక్కుతారు, కడ్డీ మెల్లగా అడుగుకి దిగిపోతుంది, బయటికి ఏమీ తెలియదు. దానికి తోడు ఎం25 రకం కాంక్రీటులో 10 ఎంఎం ఎఫ్ఈ 500 రకం కడ్డీ పూర్తి పట్టు పట్టాలంటే దాదాపు 19 అంగుళాలు లోపలికి వెళ్లాలి. 9 అంగుళాల గోడలో అంత పొడవు ఎక్కడుంది? అందుకే కాంక్రీటుతోనే ఫ్లోటింగ్ మెట్లు కావాలనుకునేవాళ్లు గోడ కట్టకముందే అక్కడ ఏటవాలు బీమో, కాంక్రీటు గోడో పోసి, మెట్ల కడ్డీలు దాని లోపలికి వంచి, అన్నీ కలిపి డిజైన్ చేయించుకోవాలి. మీకు గోడ లేచిపోయింది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. నిజానికి ఇంటికి అంత హంగామా అక్కర్లేదు కూడా.

మీకు సరిపడేది వెల్డింగ్ షాపాయన దారే, కానీ ఆయన మనసులో ఏముందో ముందు కనుక్కోండి. కొంతమంది గోడకి ఇనుప ప్లేట్లు పెట్టి యాంకర్ బోల్టులతో ఇటుకకి బిగించి, ఆ ప్లేటుకి మెట్టు వెల్డింగ్ చేసి వెళ్లిపోతారు. మేస్త్రిగారి పద్ధతికీ దానికీ తేడా ఏమీ లేదు, ఇటుక ఇటుకే.

నేను చెప్పేది ఇది. గోడని ముట్టుకోవద్దు, తవ్వొద్దు. గోడకి ఆనుకుని హాలు వైపు ఒక ఇనుప ఫ్రేము నిలబెట్టండి. మూడేసి అడుగులకో నిలువు బాక్సు (నాలుగు పక్కలా మూసిన ఇనుప గొట్టం) పోస్టు, వాటిని కలుపుతూ మెట్ల వాలులో ఒక పెద్ద బాక్సు సెక్షను. పోస్టుల అడుగు ప్లింత్ బీమ్‌కి (పునాది మీద, నేల మట్టం దగ్గర పోసిన బీమ్), పైభాగం పై శ్లాబు బీమ్ పక్క ముఖానికి, మధ్యలో ఎక్కడ పిల్లర్ తగిలితే అక్కడ దానికీ బిగించాలి. బిగించేదంతా కాంక్రీటుకే, ఇటుకకి ఒక్క బోల్టు కూడా వద్దు. మెట్ల చేతులు, అంటే ఒక్కో మెట్టుని కింద నుంచి మోస్తూ బయటికొచ్చే బాక్సు ముక్కలు, ఆ వాలు బాక్సుకి వెల్డింగ్ అవుతాయి. తర్వాత ఫ్రేము ముందు సిమెంటు బోర్డు కప్పేస్తే బయటికి గోడలోంచి మెట్లు వచ్చినట్టే కనిపిస్తుంది. హాల్లో ఏడు అంగుళాల దాకా పోతుంది, పోనివ్వండి. మీది బయటి గోడ కాబట్టి ఇందులో ఇంకో లాభం ఉంది. తుఫాను వానలకి మన వైపు బయటి గోడలు ఎలా చెమ్మ పడతాయో మీకు తెలుసు. గోడని తవ్వి లోపల ఇనుము పాతిపెడితే ఆ చెమ్మలో అది తుప్పు పడుతూ ఉంటుంది, మీరు చూడలేరు. ఫ్రేముకీ గోడకీ మధ్య ఒక అంగుళం ఖాళీ ఉంటే ఆ బెడద తగ్గుతుంది.

వాలు బాక్సు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. మామూలు మెట్లలో ఆ ఇనుము వంగకుండా ఉంటే చాలు. ఇక్కడ మనిషి అడుగు వేసేది దానికి మూడడుగుల అవతల, కాబట్టి అది మెలి తిరగాలని చూస్తుంది. సి ఛానెల్ ఒక పక్క నోరు తెరిచి ఉంటుంది, మెలి పెడితే చేతికి లొంగినట్టే లొంగుతుంది. అంతే బరువున్న ఇనుముని నాలుగు పక్కలా మూసిన బాక్సుగా వాడితే మెలికి అది వంద రెట్ల పైనే గట్టిగా నిలుస్తుంది. షాపాయన "ఛానెల్ స్టాకులో ఉందమ్మా, దాంతో చేసేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. 8 బై 4 అంగుళాల బాక్సు, 6 ఎంఎం మందం దగ్గర మాట మొదలవుతుంది, చివరికి ఎంత అన్నది మీ స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క కట్టి కాగితం మీద ఇవ్వాలి. ఇల్లు డిజైన్ చేసినాయన్నే అడగండి, పిల్లర్లూ బీమ్‌ల డ్రాయింగు ఆయన దగ్గరే ఉంటుంది. అసలు అలాంటి డ్రాయింగే లేకుండా, మేస్త్రిగారి అంచనాతో కడుతున్న ఇల్లయితే (మన దగ్గర ఇది కొత్తేమీ కాదు) ఒక ఇంజనీరుని తీసుకొచ్చి ఆ బీమ్‌లు ఈ అదనపు బరువు మోస్తాయో లేదో ముందు చూపించండి. దానికయ్యే ఫీజు మీ మెట్ల ఖర్చులో ఏ మూలకీ రాదు.

ఇప్పుడు మెట్టు చేయి. ప్రతి మెట్టుకీ రెండు బాక్సు చేతులు వస్తాయనుకోండి. 40 బై 40, 3 ఎంఎం బాక్సులు రెండు పెట్టి మీటరు బయటికి లాగితే, 130 కిలోలకి కొస పది మిల్లీమీటర్ల పైనే వంగుతుంది. అదే 60 బై 40 బాక్సుని నిలువుగా, 60 ఎత్తు వచ్చేలా పెడితే నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఇనుము బరువులో తేడా పావు వంతు పైచిలుకు మాత్రమే. రెండూ విరగవు, ఆ విషయంలో షాపాయన చెప్పేది నిజమే. కానీ పది మిల్లీమీటర్లు వంగే మెట్టు కాలి కింద ఊగుతుంది, మావయ్యగారు ఒకసారి ఎక్కి మళ్లీ ఎక్కనంటారు. ఫ్లోటింగ్ మెట్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో విరిగాయన్నది అరుదు, ఊగుతున్నాయన్నదే ఎక్కువ. అందుకే షాపులో "ఎంత బరువు ఆగుతుంది" అని అడగడం కన్నా "కొస ఎంత వంగుతుంది" అని అడగండి. ఆ ప్రశ్నకి తడుముకోకుండా జవాబు చెప్పేవాడికి పని ఇవ్వొచ్చు.

మెట్ల లెక్క, అత్తయ్యగారి బేసి సంఖ్య కలిపి ఒకేసారి తేల్చేద్దాం. పదిన్నర అడుగులంటే 126 అంగుళాలు. మెట్టుకి 7 అంగుళాల ఎత్తు వేస్తే 18 ఎత్తులు. పద్దెనిమిదో ఎత్తు ఎక్కితే పై ఫ్లోరు మీదే కాలు పడుతుంది, కాబట్టి మెట్లు 17. బేసి వచ్చేసింది, ఆవిడకి ఫోన్ చేసి చెప్పండి. (వాస్తు నాకు పెద్దగా పట్టదు గానీ, మెట్ల దగ్గర వాస్తుతో గొడవ పడాల్సిన అవసరం దాదాపు రాదు. ఒక ఎత్తు అటో ఇటో సర్దితే అందరూ సంతోషంగా ఉంటారు.) మెట్టు మీద కాలు పెట్టే చోటు 10 అంగుళాలు, నేషనల్ బిల్డింగ్ కోడ్ అడిగేది కూడా 250 మిల్లీమీటర్లే. కాకపోతే పలకని 11 అంగుళాలు చేయించండి, పై మెట్టు కింది మెట్టు మీదకి అంగుళం వస్తుంది, దిగేటప్పుడు మడమకి చోటు ఉంటుంది.

ఇక్కడ చిన్న చిక్కుంది. ఇళ్లలో ఒకే వరసలో 15 ఎత్తులకి మించొద్దని అదే కోడ్ మాట, మీకు 18 ఉన్నాయి. దీన్ని నేనైతే ఇలా సర్దుతాను. కింద మొదటి మూడు ఎత్తులు గాల్లో వద్దు, ఇటుకతో నిండుగా కట్టేయండి, మూడోది మూడడుగుల పొడవు తిన్నె. అక్కడి నుంచి 15 ఎత్తులు, 14 గాల్లో మెట్లు. మొత్తం పొడవు 16 అడుగుల 4 అంగుళాలు, మీ 20 అడుగుల గోడలో హాయిగా పడుతుంది. పైగా తిన్నె దాటాక మెట్ల పొడవు 11 అడుగుల 8 అంగుళాలు, మీరు వదిలిన ఖాళీ 12 అడుగులు. శ్లాబు అంచున అడుగు లోతు బీమ్ ఉన్నా తిన్నె మీద నిలబడ్డ మనిషి తలకీ బీమ్‌కీ చోటు ఉంటుంది, ఏడున్నర అడుగుల ఎత్తు వస్తోంది. ఆ తిన్నె ఊరికే పోదు, చెప్పులేసుకోడానికి మావయ్యగారు కూర్చునేది అక్కడే అవుతుంది, చూస్తూ ఉండండి.

కానీ ఈ 126 అంగుళాలు దేని నుంచి దేనికి కొలిచారు? శ్లాబు నుంచి శ్లాబుకా, టైల్స్ పైనుంచి టైల్స్ పైకా? కింద మసాలాతో కలిపి రెండున్నర అంగుళాల గ్రానైటు, పైన రెండంగుళాల టైల్స్ వేస్తే కొలత మారిపోతుంది. ఇది చూసుకోకపోతే మొదటి మెట్టు నాలుగున్నర అంగుళాలూ చివరి మెట్టు తొమ్మిదీ వచ్చే ఇళ్లు ఎన్నో. మధ్యలో అన్నీ సమానంగా ఉండి చివర ఒక్కటి తేడా ఉంటే కాలు అక్కడే తడబడుతుంది, రాత్రిపూట మరీ. ముందు టైల్స్ మందం ఖాయం చేసుకుని, నీళ్ల పైపు లెవెల్‌తో పూర్తయిన ఫ్లోరు మట్టం కింద ఒకటి, పైన ఒకటి గోడ మీద గీయించి, ఆ రెండు గీతల మధ్య దూరాన్ని 18తో భాగించండి. షాపాయన ఫ్రేము కోసేది ఆ అంకెతోనే.

వెడల్పు ఇళ్లకి మీటరు ఉండాలి. మీ ఖాళీ 48 అంగుళాలు, ఫ్రేముకి ఏడు పోతే 41, మెట్టు 39, మిగిలిన రెండూ రెయిలింగ్‌కి. సరిగ్గా సరిపోయింది, అందుకే ఫ్రేము ముందు ఇటుక కట్టొద్దు, బోర్డే వేయమన్నాను.

టేకా గ్రానైటా అన్నారు. టెక్కలి రాయి మనకి పక్కనే, ఆ నీలం గ్రానైటు మీద ఎవరికైనా మనసు పడుతుంది. కానీ రాయి నొక్కితే తట్టుకుంటుంది, వంచితే తట్టుకోదు. 18 ఎంఎం పలక ఒక్కటే గాల్లోకి వస్తే ఏదో ఒకరోజు చడీచప్పుడు లేకుండా రెండు ముక్కలవుతుంది. గ్రానైటే కావాలంటే కింద పూర్తి ఇనుప ప్లేటు పరిచి దాని మీద అతికించాలి, పలక ఒక్కోటీ పద్నాలుగు కిలోల దాకా ఉంటుంది, ఆ బరువు ఇంజనీరుకి ముందే చెప్పాలి. మెరిసే పాలిష్ వద్దు. అంచున రెండు గాడులు కొట్టించండి, లేదా కాస్త గరుగ్గా ఉండే లెదర్ ఫినిష్ తీసుకోండి. తడి కాలితో ఎక్కేవాళ్లున్న ఇల్లు మనది.

నా ఓటు టేకుకే. ఒకే వెడల్పాటి పలకతో చేస్తే వానాకాలం ఉబ్బి ఎండాకాలం వంపు తిరుగుతుంది, కాబట్టి మూడు నాలుగు అంగుళాల పట్టీలు అతికించిన పలక చేయించండి. బాగా ఆరిన చెక్కే ఉండాలి. వడ్రంగి పలకని ఇనుప చేతులకి కింద నుంచి స్క్రూలతో బిగించేటప్పుడు, ఇనుములో గుండ్రటి బెజ్జం కాకుండా పొడవాటి బెజ్జం పెట్టమనండి, చెక్క అటూ ఇటూ కదలడానికి వీలుంటుంది. ఇనుముకీ చెక్కకీ మధ్య పల్చటి రబ్బరు వేస్తే నడిచినప్పుడు టకటకలాడదు. మొత్తం మెట్టు మందం మూడు, మూడుంపావు అంగుళాలు వస్తుంది. ఇది ఇంకో రకంగా పనికొస్తుంది: 7 అంగుళాల ఎత్తులో మూడు పోతే మెట్టుకీ మెట్టుకీ మధ్య సందు నాలుగు అంగుళాల లోపే. నాలుగేళ్ల వాడి తల అందులో పట్టదు. పల్చటి మెట్లు ఫోటోలో బావుంటాయి గానీ, ఒకటిన్నర అంగుళాల మెట్టు వేస్తే సందు అయిదున్నర అంగుళాలు. పసిపిల్లలు ముందు కాళ్లు దూర్చి ఒళ్లంతా జారి, తల దగ్గర ఇరుక్కుంటారు. ఆ ప్రయోగం మీ ఇంట్లో వద్దు.

రెయిలింగ్ తప్పదా అన్నారు. తప్పదు. ఆ ఫోటోలు ఇంట్లోకి ఎవరూ దిగకముందు తీసినవి. మెట్టు మధ్య నుంచి మీటరు ఎత్తున పట్టుకునే కడ్డీ ఉండాలి, సందులు నాలుగు అంగుళాలు దాటకూడదు. అడ్డం పైపులు వద్దు, వాటిని పిల్లలు నిచ్చెనలా ఎక్కేస్తారు. నిలువు రాడ్లు మేలు. వీలైతే వాటిని పై ఫ్లోరు అంచు దాకా తీసుకెళ్లి అక్కడ బిగించి, కింద ప్రతి మెట్టు కొసకీ కలిపేయండి. చూడ్డానికి తీగల్లా ఉంటుంది, మెట్ల ఊగుడు కూడా బాగా తగ్గుతుంది, ఎందుకంటే కొస ఇక ఒంటరిగా ఉండదు. గాజు కావాలంటే లామినేటెడ్ టఫెన్డ్ అని బిల్లులో రాయించుకోండి. ఉత్త టఫెన్డ్ గాజు పగిలితే మొత్తం పొడిగా రాలిపోతుంది, ఆ క్షణం మీకు రెయిలింగే ఉండదు. లామినేటెడ్‌లో రెండు గాజుల మధ్య పొర ఉంటుంది, పగిలినా అక్కడే నిలబడి ఉంటుంది. రెయిలింగ్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు 304 రకం తీసుకోండి. చవక రకమైన 202ని 304 అని అమ్మేవాళ్లున్నారు, అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందంటారు గానీ తెలియదు, రెండూ దానికి అంటుకోవు. షాపుల్లో చుక్క వేసి రంగు చూసే మందు దొరుకుతుంది, దాంతో చూపించమనండి. భోగాపురం, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో కట్టుకునేవాళ్లు తుప్పుకి ఇంకా బాగా ఆగే 316 రకానికి వెళ్లడం మంచిది.

మావయ్యగారి కోసం గోడ వైపు కూడా ఒక హ్యాండ్‌రెయిల్ పెట్టించండి, గుప్పిట్లో ఇమిడే పైపు, ఒకటిన్నర అంగుళాల నుంచి పావు తక్కువ రెండు దాకా. దాన్ని ఫ్రేము పోస్టులకి బిగించాలి, బోర్డుకి కాదు. అయినా ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మధ్యలో కిందికి కనిపించే మెట్లంటే పెద్దవాళ్లకి భయమే, రెయిలింగ్ ఉన్నా సరే. ఆయన గది, బాత్‌రూమ్ కిందే ఉండేలా చూడండి. పైన ఉన్నది మీ గదులే అయితే ఈ మెట్లు కట్టుకోండి, ఆయన రోజూ పైకి ఎక్కాల్సిన ప్లాన్ అయితే మామూలు నిండు మెట్లే కట్టించండని చెప్తాను.

ఇంకా కొన్ని విషయాలు ఫోటోలు చెప్పవు. ఊడిస్తే దుమ్ము, తుడిస్తే నీళ్లు సందుల్లోంచి కిందకి పడతాయి, కాబట్టి మెట్ల కింద దేవుడి మందిరం గానీ డైనింగ్ టేబులు గానీ పెట్టొద్దు. చీర కట్టుకుని దిగేవాళ్లకి మెట్టు మూలలు కుచ్చిళ్లకి తగులుతాయి, మూలలు గుండ్రంగా చేయించండి. కింద హాల్లో మగవాళ్లు కూర్చుని ఉంటే పైకి ఎక్కడానికి ఆడవాళ్లు ఇబ్బంది పడతారు. ఇది ఎవరూ పైకి అనరు గానీ నిజం. సోఫాలు మెట్ల కిందికి ఎదురుగా కాకుండా వేసుకుంటే చాలు. లైట్లు మెట్ల కింద పట్టీల్లా వేయించుకుంటారు కదా, ఆ వైరు పైపులు బోర్డు కప్పకముందే ఫ్రేములోంచి లాగాలి, వాటిలో రెండు మూడైనా ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి. 2014 హుద్‌హుద్ తర్వాత కరెంటు లేని రాత్రులు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటి చీకట్లో చంటిపిల్లాడిని ఎత్తుకుని ఈ మెట్లు దిగడం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

షాపాయనతో మాట్లాడేటప్పుడు: కేజీ లెక్కన పని కాబట్టి ఇనుము మీ ముందే కాటా వేయించండి, బాక్సు మీద ఐఎస్ 4923 ముద్ర చూడండి, మందం వెర్నియర్‌తో కొలవమనండి. 6 ఎంఎం అని చెప్పి తక్కువ మందం తెస్తే తేడా చేత్తో పట్టుకుంటే తెలియదు. మెట్టు చేయి వాలు బాక్సుకి కలిసేచోట చుట్టూ నిండు వెల్డింగ్ ఉండాలి, టాకాలు వేసి వదిలేస్తే కుదరదు. మొత్తం మెట్టు ప్రాణం ఆ నాలుగు అంచుల్లోనే ఉంది. కాంక్రీటులో కెమికల్ యాంకర్లు (బెజ్జంలో మందు పోసి బిగించే బోల్టులు) వేసేటప్పుడు డ్రిల్ చేసిన బెజ్జంలో దుమ్ముని బ్రష్‌తో, గాలి పంపుతో మార్చి మార్చి పూర్తిగా తీయాలి. దుమ్ములో పోసిన మందు దుమ్మునే పట్టుకుంటుంది, కాంక్రీటుని కాదు. ఈ పని జరిగేటప్పుడు మీరు అక్కడే ఉండండి, స్కూల్‌కి అరపూట సెలవు పెట్టినా పర్లేదు. వెల్డింగ్ అయ్యాక ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, వెల్డింగ్ దగ్గర ఇంకొక కోటు.

బోర్డు కప్పకముందు ఒక పరీక్ష చేయండి. ప్రతి మెట్టు కొసన మూడు సిమెంటు బస్తాలు, అంటే 150 కిలోలు, పెట్టించండి. పెట్టకముందు నేల నుంచి కొస ఎత్తు కొలిచి రాసుకోండి, పెట్టాక కొలవండి, రాత్రంతా ఉంచి తీసేశాక మళ్లీ కొలవండి. తీశాక మొదటి కొలతకి వచ్చేయాలి. ఒక మిల్లీమీటరు అయినా కింద ఉండిపోయిందంటే వెల్డింగ్ దగ్గరో, బోల్టు దగ్గరో ఏదో జారింది. ఇంజనీరుని పిలిపించి అదేంటో తేలేదాకా షాపాయనకి చివరి వాయిదా డబ్బు ఇవ్వొద్దు. బరువు పెట్టేటప్పుడు కింద ఎవరూ ఉండకూడదు, బాబుని అసలు తీసుకురావొద్దు. 14 మెట్లకీ ఇలా చేయాలా అని షాపాయన విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, సిరిమాను నాడు చుట్టాలంతా దిగి పిల్లలు వరసగా మెట్ల మీద కూర్చుంటే ఒక్కో మెట్టునీ ఎంచి కూర్చోరు కదా. ఐఎస్ 875 కూడా ఇంటి మెట్లకి చదరపు మీటరుకి 300 కిలోలు లెక్కేయమంటుంది, ఆ గుంపుని దృష్టిలో పెట్టుకునే.

ఇక మిగిలింది మేస్త్రిగారు. పని వెల్డింగ్ షాపుకి వెళ్లిపోయిందని ఆయన చిన్నబుచ్చుకుంటారు, ఇంకా పై అంతస్తు మొత్తం ఆయన చేతిలోనే ఉంది మీకు. తిన్నెతో కలిపి కింది మూడు మెట్లూ ఆయనకే అప్పగించండి. పూర్తయిన మట్టం గీతలు కూడా ఆయన చేతే గీయించండి, ఆ లెవెల్ పనిలో వెల్డర్ కన్నా ఆయన చేయే నమ్మకం. పోస్టుల అడుగున ప్లింత్ బీమ్ పక్కన చిన్న కాంక్రీటు దిమ్మెలు పోయాల్సొస్తే అవీ ఆయనవే. ఇంజనీరు వచ్చే రోజున ఆయన్నీ సైటుకి పిలవండి, సన్‌షేడ్ ప్రశ్న ఆయనే నేరుగా అడుగుతారు.